అక్క బండికి నూనె

నా చిన్నప్పుడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వరస క్వార్టర్లని పొద్దున్నే లేపేది కోడి కాదు, పక్కింటి అక్క మూడు చక్రాల బండి. ఆ చప్పుడు వినబడితే గాని మా అమ్మ నా జడ మొదలుపెట్టేది కాదు. నిజమే చెబుతున్నాను, నవ్వకండి.

అక్కకి పసితనంలో పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. మనిషి మాత్రం నిప్పు. అర్పా నది అవతల సర్కండాలో ఒక చిన్న బడిలో టీచరు ఉద్యోగం దొరికితే, రోజూ అంత దూరం ఎలా వెళ్ళి వస్తుందని వాళ్ళింట్లో ఏడుపులు మొదలయ్యాయి. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మా తాతయ్య ఆ ఏడుపులు గోడ ఇవతల నుంచి విన్నాడు. ఎక్కడిదో పాత మోటారు సైకిలు తెచ్చి, వెనక చక్రం ఊడదీసి, ఆ చోట రెండు చక్రాలు బిగించి, కాలి బ్రేకుని చేతికి మార్చి, నెల తిరక్కుండా బండి తయారుచేసి ఇచ్చాడు. కాలనీ పిల్లలం దాన్ని తీన్‌పహియా అనేవాళ్ళం. కిక్కు కొట్టిపెట్టడానికి పొద్దున్న నేను, సాయంత్రం వాళ్ళ బడి చప్రాసీ.

ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది పాటు చూస్తామన్నారు. నాలుగు రోజులు బడి మానితే చాలు, కాలు బాగోలేని మనిషిని పెట్టుకుంటే ఇంతేనని తీసేస్తారని అక్క బెంగ. అందుకే బండి ఆగకూడదు.

తాతయ్యకి బండి నడవడం గొప్ప కాదు, పదేళ్ళ తర్వాత కూడా అలాగే నడవాలి. షెడ్డులో రైలింజనుకి ఉన్నట్టే దీనికీ ఒక షెడ్యూలు పెట్టాడు. ఆదివారం ప్లగ్గు తీసి తుడవాలి, గొలుసుకి గ్రీజు రాయాలి, నెలకోసారి సైలెన్సరులో మసి గోకాలి. బాగున్న బండిని ఎందుకలా విప్పుతావని నాన్న వేళాకోళం చేసేవాడు. "బాగున్నపుడే ఇప్పాల్రా. పాడయ్యాక అదే ఇప్పించుకుంటాది" అనేవాడు తాతయ్య.

చేసిన ప్రతి పనీ ఒక నోటుబుక్కులో రాయాలి. షెడ్డులో డ్రైవరు డ్యూటీ దిగితే ఇంజనులో చూసిన తేడా, తన చేతిమీద జరిగిన పొరపాటు, అన్నీ రాసి సంతకం పెట్టి గాని ఇంటికి వెళ్ళకూడదట. తాతయ్యకి తెలుగు తప్ప ఇంకో భాష చదవడం రాదు. నాదేమో హిందీ బడి. ఆయన చెబుతుంటే రాసీ రాసీ నాకు తెలుగు అక్షరాలు పట్టుబడ్డాయి. అందరు పిల్లలూ అమ్మ, ఆవు అని మొదలుపెడతారు. నేను ప్లగ్గుతో మొదలుపెట్టాను!

ఆ ఇంజనుకి నూనె పెట్రోల్లోనే కలిపి పొయ్యాలి. లీటరు పెట్రోలుకి నూనె డబ్బా మూతతో రెండు మూతలు. నూనె లేకపోతే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజను పట్టేస్తుంది. ఆరో తరగతిలోకి వచ్చాక ఈ కలిపే డ్యూటీ నాకు ఇచ్చాడు. నేనెంత మిడిసిపడ్డానో చెప్పలేను.

ఒకరోజు తాతయ్య పొద్దున్నే పాసింజరు ఎక్కి, బిలాస్‌పూర్ పక్కనే ఉన్న కోటాలో చుట్టాలింటికి వెళ్ళాడు. నేను టాంకులో పెట్రోలు పోశాను. మూత చేతిలోకి తీసుకున్నానో లేదో, వీధి చివర కోతినాడించేవాడి డమరుకం వినబడింది. ఇంకేముంది, మూత అక్కడే పడేసి పరుగు. తిరిగొచ్చేసరికి అక్క బండి ఎక్కి కూర్చుని ఉంది.

"తేల్ డాల్ దియా ఏటే?"

"డాల్ దియా!" పోసేశానని చెప్పి కిక్కు కొట్టాను. అక్క వెళ్ళిపోయింది. అప్పుడు కనబడింది అరుగు మీద మూత, పొడిగా.

మా బిలాస్‌పూర్‌లో తేల్ అంటే నూనే, తేల్ అంటే పెట్రోలూను. పరిగెత్తి ఉంటే రోడ్డు మలుపులో అక్కని అందుకునేదాన్ని. పరిగెత్తలేదు. అక్క అడిగింది తేల్, నేను పోసింది తేల్, ఇందులో అబద్ధం ఎక్కడుందని నాకు నేనే ప్లీడరునైపోయాను. మధ్యాహ్నం తాతయ్య వచ్చి, "బండికి అన్నీ సూసేవు కదా?" అని అడిగితే తల ఊపాను. ఆ ఊపడానికి ఇప్పటికీ సిగ్గే.

సాయంత్రం ఎవరో ఇద్దరు మనుషులు అక్కని బండితో సహా తోసుకుంటూ తీసుకొచ్చారు. అర్పా బ్రిడ్జి మీద ఇంజను పట్టేసిందట. అక్క ఏడవగా నేను చూడడం అదే మొదటిసారి. "రేపట్నించి బడికెలా ఎల్తాను తాతా? తీసీస్తారు నన్ను" అంది.

తాతయ్య ఇంజను విప్పి పిస్టను తీసి పాత పేపరు మీద పెట్టాడు. నిలువునా గీతలు పడ్డాయి. వాటిని బొటనవేలితో తడిమాడు. టాంకులో వేలు ముంచి, రెండు వేళ్ళూ రాసి చూశాడు. జిడ్డు లేదు. నా వైపు మాత్రం చూడలేదు. బుక్కు తెమ్మని, ఎప్పటిలాగే చెప్పడం మొదలుపెట్టాడు. "ఇంజను పట్టీసింది. పిస్టను గీసుకుపోయింది. కారణం..." అని ఆగి, "టీ తాగొస్తాను, నువ్వు రాస్తుండు" అని లేచి వెళ్ళిపోయాడు.

'కారణం' అని రాసి పెన్ను ఆపాను. హిందీలో అయితే తేల్ అని రాసి గట్టెక్కేదాన్ని. తెలుగులో పెట్రోలు పెట్రోలే, నూనె నూనే. దాక్కోడానికి చోటు లేదు. చివరికి రాశాను. "నునె వెయ్యలేదు. నేనే. మద్యానం తాతయ్య అడిగినా చెప్పలేదు." సంతకం పెట్టి బావురుమన్నాను.

తాతయ్య వచ్చి బుక్కు దూరంగా పట్టుకుని చదివాడు. "ఇది బండి గలామె సూడాల" అని నా చేతికే ఇచ్చి పంపించాడు. పక్కింటికి పది అడుగులుంటాయేమో, నాకు పది మైళ్ళయింది. అక్క చదివింది. ఎర్ర సిరా పెన్ను తీసి 'నునె'కి దీర్ఘమిచ్చింది, 'మద్యానం' దిద్దింది, బుక్కు తిరిగి ఇచ్చేసింది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

ఇంజను సిలిండరు లోపలి బోరు గీయించి, గోల్ బజార్ నుంచి కొత్త పిస్టను తెచ్చి బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మా తాతయ్య అక్కని సైకిలు కారియరు మీద కూర్చోబెట్టుకుని సర్కండా దాకా తొక్కాడు. అరవై దాటిన మనిషి. చెమటలు కక్కుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడితే నేను మంచినీళ్ళిచ్చేదాన్ని. ఆయన తాగి, "అచ్ఛా, బడి మానలేదు కదా, అదే సాలు" అనేవాడు. ఆ మాటకన్నా రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించేది.

అయిదో రోజు బండి సిద్ధమైంది. నేను తలుపు చాటున నిలబడ్డాను. అక్క నన్ను పేరు పెట్టి పిలిచి, నూనె డబ్బా మూత నా చేతిలో పెట్టింది.

"వద్దక్కా, తాతయ్య కలుపుతాడు."

"తాత ఎన్నాళ్ళు కలుపుతాడే? నువ్వే కలుపు, బేగి."

అని అటు తిరిగి జడ అల్లుకోడం మొదలుపెట్టింది. కంగారులో సగం మూత నేలపాలు చేశాను. మళ్ళీ కొలిచాను. ఆ బండి మళ్ళీ అలా పట్టేయలేదు. అక్క ఉద్యోగం ఖాయమై, నా చదువు పూర్తయి, నేను నర్సునై వేరే ఊరు వెళ్ళేనాటికి కూడా నడుస్తూనే ఉంది.

ఇప్పుడు నా వార్డులో కొత్త నర్సు పిల్ల ఎవరైనా ఏడుస్తూ వచ్చి, మందు ఇవ్వడం మర్చిపోయానమ్మా అంటుంది. ముందు రోగి సంగతి చూస్తాం. తర్వాత తిడతాను, బాగానే తిడతాను, నా నోరు అంత మంచిది కాదు. మర్నాడు మాత్రం అదే మంచం దగ్గర మందుల ట్రే ఆ పిల్లకే ఇచ్చి అటు తిరిగి నిలబడతాను. నిలబడ్డంతసేపూ నా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. ఆ పొద్దున్న నాకు వీపు చూపించి జడ అల్లుకుంటున్న అక్కకి కూడా ఇలాగే ఉండి ఉంటుందని, ఇంత వయసొచ్చాక గాని నాకు తెలియలేదు.