ఆరు ఆకుల లెక్క

పొద్దున ఆరూ పదికి అక్క మోదుగాకుల గంప తెచ్చి నా నోట్సు పక్కన దించింది. అప్పుడు సత్తుపల్లిలో ఉండేవాళ్లం. నా ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో క్వాంటమ్ పేపరు ఒక్కటే మిగిలింది. ఒకసారి తప్పాను. వారంలో ఖమ్మంలో మళ్లీ పరీక్ష. ఈసారీ పోతే కల్లూరు జూనియర్ కాలేజీ వాళ్లు ఇస్తామన్న లెక్చరర్ పని కూడా పోతుంది.

బెంజీన్‌లో ఎలక్ట్రాన్ల శక్తులు లెక్కకట్టాలి. గుండ్రంగా అమరిన ఆరు కార్బన్లకు ఆరు అడ్డవరుసలు, ఆరు నిలువువరుసల అంకెల పట్టిక, డిటర్మినెంట్. దాన్ని పూర్తిగా విప్పుతూ కూచున్నాను. నాలుగో పేజీలో ఒక మైనస్ ఎక్కడో జారిపోయింది.

"ఏందే, గా గుండ్రం చుట్టూ గింత రాస్తున్నవ్?" అంది అక్క.

"ఆరు కార్బన్లు. ఒక్కోదానికి ఒక్కో లెక్క."

"ఆరూ ఒక్కతీరేనా?"

"అవ్."

"మరి ఒక్కటి చూస్తే అయిపాయె. ఒక్కటే పని ఆరుసార్లు చేసేటోళ్లకు లెక్చరర్ ఉద్యోగమిస్తరా?"

ఆమె విస్తరి కుట్టేది అలాగే. నడుమ ఒక ఆకు, చుట్టూ ఆరు. ఒకే సైజువి ఏరుకుని, ఒక అతుకు సరిచూసుకుని తిప్పేది. తక్కినవి చూడకుండానే పుల్లలు గుచ్చేసేది. పుస్తకంలో ఉన్నదీ అదే. బెంజీన్‌ను ఒక మెట్టు తిప్పితే మళ్లీ బెంజీనే. ఒక్క కార్బన్‌కు సమీకరణం రాస్తే ఆరు శక్తులూ అందులోంచే వస్తాయి. అరపేజీ పట్టింది.

నేను మురిసిపోతుంటే అక్క ఒక విస్తరి నా ముందు పడేసింది. అందులో ఒక ఆకు చిన్నది. తిప్పితే చిన్నాకు చోటు మారింది, మునుపటిలా లేదు.

"ఒక్కటి తేడా ఉంటే తిప్పుడు పనికిరాదు చెల్లె. ఆ ఆకు నడిమిలకెళ్లి మడువు. రెండు సగాలు కలుస్తయ్."

పరీక్షలో బెంజీన్ రాలేదు. పిరిడీన్ వచ్చింది: అదే ఆరు మూలల గుండ్రం, ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్. అలవాటుగా తిప్పబోయాను. రెండు వరుసలు రాశాక చిన్నాకు గుర్తొచ్చి కొట్టేశాను. నైట్రోజన్ మీదుగా మడిచాను. ఆరు వరుసల లెక్క నాలుగు వరుసలది ఒకటి, రెండు వరుసలది ఒకటిగా విడిపోయింది. నాలుగు వరుసలది కొంచెం సతాయించి లొంగింది.

నెట్ సెంటర్లో ఫలితం చూసుకుని ఇంటికొచ్చి, పాసయ్యానని చెప్పాను.

"నా కూలి?" అంది అక్క.

మొదటి జీతంతో చీర తెచ్చాను. "గిదేందే, రెండంచులు ఒక్కతీరు లేవు" అని వెక్కిరించి, అదే కట్టుకుంది.

పిరిడీన్ చెప్పే రోజు నేను ఇప్పటికీ క్లాసులో కాగితం మడిచి చూపిస్తాను. అక్క పెద్దకర్మకు విస్తళ్లు కొట్లో కొన్నాం, మిషన్ మీద అచ్చు వేసినవి. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ విస్తళ్లు కుట్టరు.