గడ్డకు వడ్రంగిని పిలిచినారు

మా ధర్మవరంలో వడ్రంగి చెప్పిన రోజు రాడు. సోమవారం వస్తానంటే, ఏ సోమవారమో మనం అడగకూడదు. మా అక్కావాళ్ళ పెరటి తలుపుకు గడియ ఊడిపోయి రెండు ఉగాదులు దాటినాయి. ఆ తలుపు ఇప్పటికీ ఒక సిమెంటు ఇటుక దయ మీద నిలబడి ఉంది. అట్లాంటి మనిషి ఒకసారి చెప్పిన రోజున, చెప్పిన పూటకు, రంపంతో సహా వచ్చినాడు. దాన్ని మాత్రం నేనింకా క్షమించలేదు.

ఆ రోజు అతన్ని పిలిచింది మా అక్క రొమ్ములో గడ్డకు.

అక్క పట్టుచీరలు నేస్తుంది. గుంతలో కాళ్ళు దించి మగ్గం ముందు కూర్చుంటే, నేసిన గుడ్డ చుట్టుకునే లావుపాటి కొయ్య ఒళ్ళోకి వస్తుంది. అవతల పోగు తెగితే ముందుకు వంగి ముడెయ్యాల. వంగినప్పుడల్లా ఎడమ రొమ్ము ఆ కొయ్యకు ఒత్తుకుంటుంది. పట్టుపోగు మనల్ని అడిగి తెగదు. కాబట్టి గడ్డ చేతికి తగిలినప్పుడు ఇంట్లో ఎవరికీ పెద్దగా అనుమానం రాలేదు. "కొయ్య తగిలింది" అనుకున్నారు. మా బావ కొయ్యను నిదానంగా తడిమి, ఒక అంచు పదునుగా ఉందని రోగనిర్ధారణ చేసినాడు. వడ్రంగి వచ్చి ఆ అంచు గుండ్రంగా చెక్కి, కొయ్యను ఇంత కిందికి దించి, పైన పాతచీర చుట్టమని పథ్యం చెప్పిపోయినాడు.

నేను అనంతపురంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను. ఆదివారాలు ధర్మవరం పోతాను. నేను పోయేసరికి వైద్యం ముగిసింది. వడ్రంగి మామూలుగా ఒక వారం ఎగ్గొట్టి ఉంటే నేనే ముందు చేరేవాణ్ణి.

"ఆస్పత్రికి పోదాం పాక్కా."

"ఇప్పుడే గదరా కొయ్య చెక్కించింది! తగ్గేదానికి టైమియ్యి."

టైమిచ్చినాం. గడ్డ దాన్ని బాగా వాడుకుంది.

చివరికి ఇల్లిల్లూ తిరిగి క్యాన్సర్ గురించి అడిగే నర్సమ్మ గడప దగ్గరికి వచ్చింది. నోట్లో పుండ్లున్నాయా, తెల్లబట్ట అవుతుందా, రొమ్ములో ఏమన్నా తగులుతుందా అని అడుగుతూ పోతాంటే, అక్క మగ్గం దిగకుండానే "తగుల్తాది గానీ అది కొయ్య దెబ్బలే" అనింది.

"దెబ్బ అంటే నొప్పుండాల గదక్కా. నొప్పుండాదా?"

"లేదు."

"అయితే దిగు. చూడాల."

అక్క దిగింది. అక్కణ్ణుంచి పనులు వేగంగా నడిచినాయి. నా కాళ్ళు అంతకంటే వేగంగా. అనంతపురంలో పెద్దాస్పత్రి, రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో, సూదిపరీక్ష. సూది గుచ్చితే గడ్డ ఒళ్ళంతా పాకుతుందని బావకు ఎవరో చెప్పినారు. ఆయన ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని లేవనన్నాడు. "పాకేది గాలిమాటలు బావా, గడ్డ కాదు" అని లేపుకొచ్చినాను. రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. కానీ ఏ రకమో తేల్చే రిపోర్టు ఇంకొకటి రావాలన్నారు.

ఆ రెండో రిపోర్టు వచ్చేదాకా నేను కుదురుగా కూర్చున్న చోటు లేదు. బస్సులో సీటు మారేవాణ్ణి, తర్వాత బస్సే మారేవాణ్ణి. కప్ప గుండె గురించి పాఠం చెప్తూ చెప్తూ ఫోను చూసుకునేవాణ్ణి. ఫోను నిండా శుభవార్తలే. రక్తం చుక్కతోనే క్యాన్సర్ జాడ పట్టే పరీక్షలంట, ఇంకా పరిశోధనలో ఉన్నాయంట. ఏ మనిషి గడ్డను బట్టి ఆ మనిషికి టీకా తయారుచేయాలని చూస్తున్నారంట. ఎక్స్‌రే ఫిల్ములు చూసేదానికి కంప్యూటర్లకు చదువు చెప్తున్నారంట. నా కాలేజీ పిల్లలకు చెప్పినంత కష్టం కాకపోవచ్చు. ప్రపంచమంతా ముందుకు పోతాంది, మా రిపోర్టు తప్ప. ఇవన్నీ అక్కకు ఫోన్ చేసి చదివి వినిపించేవాణ్ణి. ఆమె "ఊ" అనేది. వెనకాల మగ్గం కూడా దాని పద్ధతిలో అది ఏదో అనేది.

రిపోర్టు వచ్చినాక డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. "ఈ రకం అంటే ఒకప్పుడు మేమూ భయపడేవాళ్ళం. ఇప్పుడు దీనికే గురిపెట్టి కొట్టే మందుంది. మన దేశంలోనూ తయారవుతుంది. ముందు మందులతో గడ్డను కుదిస్తాం, తర్వాత ఆపరేషన్. బాగా కుదిస్తే రొమ్ము మొత్తం తీసే పని ఉండకపోవచ్చు. సోమవారం మొదలుపెడదాం."

"ఏ సోమవారం మేడం?" అనింది అక్క. వడ్రంగులతో బతికిన మనిషి.

"వచ్చే సోమవారమేనమ్మా!"

"మగ్గం మీద చీరుండాది."

"చీర ఆగుతుంది. ఇది ఆగదు."

డాక్టరమ్మకు తెలియనిదేమిటంటే, చీర కూడా ఆగదు. నేసేటప్పుడు అడ్డపోగును దగ్గరికి బిగించే పలక దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో బరువు. అక్కది తేలిక చెయ్యి, బావది మోటు చెయ్యి. చీర నడుమ చెయ్యి మారితే, అక్కడ అడ్డంగా ఒక గీతలాగా పడి వెలుతురులో కనపడుతుంది. మగ్గం మీదిది పెళ్ళిచీర. చెయ్యి మారిన పెళ్ళిచీరను మా వాళ్ళు ఎవరికీ ఇవ్వరు, అడిగినవాళ్ళకు కూడా. అక్కది ఇంతవరకు ఒక్క చీర కూడా రెండు చేతులు చూడలేదు. ఒక్క పమిట మొదలయ్యే చోట మాత్రం అల్లిక మారుతుంది కాబట్టి, అక్కడ మనిషి మారినా తెలియదు.

"పమిట కాడికి నేసి దిగతా. ఆమైన మీ బావ చూసుకుంటాడు" అనింది.

"సోమవారానికి కాకపోతే?"

"అయితాది."

ఆ వారం నేను కాలేజీకి సెలవు పెట్టి, చేసిందేమంటే మగ్గం చుట్టూ తిరగడం.  పోగు తెగి ఆమె వంగి ముడేస్తుంటే, చెక్కిన ఆ కొయ్యకు గడ్డ ఒత్తుకుంటుంటే, చూడలేక పెరట్లోకి పోయి ఇటుక సర్ది వచ్చేవాణ్ణి. "మందు ఆలస్యమైతే పనిచేయదేమో అక్కా" అంటే, "నువ్వు గాలికి అడ్డముండావు, జరుగు" అనేది.

ఆదివారం మధ్యాహ్నానికి పమిట ఇంకా జానెడు దూరం ఉంది.    అక్క చెయ్యి ఆపి, నేసిన గుడ్డ మీద అరచేయి ఆనించి అట్లే కూర్చునింది. తర్వాత గుంతలోంచి కాళ్ళు పైకి తీసుకునింది.

"కనపడితే కనపడనీ. పెండ్లికూతురి మొగం చూస్తారు గానీ, చీర వెలుతురుకు పెట్టి చూస్తారా!" అని లోపలికి పోయి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

బావ పొడుగు మనిషి. దించిన కొయ్య ఆయన మోకాళ్ళకు కొట్టుకుంటుంది. దాన్ని మళ్ళీ పైకి లేపాల. ఆ పొద్దునే బావ వడ్రంగికి చెప్పి వచ్చినాడు. ఈ మనిషి ఏ దీపావళికో వస్తాడనుకుంటుంటే సాయంత్రం టీ వేళకే వచ్చేసినాడు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

కొయ్య కింద మేకులు లాగుతూ, "ఏం సార్, అక్కకు కొయ్య దెబ్బ కాదంటనే?" అన్నాడు.

"కాదు."

"నొప్పి లేకున్నా అదే అయుండొచ్చునా?"

"తొలిదశలో చాలామందికి నొప్పే ఉండదన్నా."

"సూదేస్తే పాకుతాదంటారే!"

"పాకదు." నాకు ఉత్సాహం వచ్చింది. వారం రోజులుగా వినేవాళ్ళు లేక ఎండిపోయినాను. గురిపెట్టిన మందుల గురించి, గడ్డను ముందే కుదించడం గురించి, గంటల తరబడి ఎక్కించే మందును ఇప్పుడు కొందరికి తొడకు సూదిగా నిమిషాల్లో వేసేస్తున్నారని, అంతా చెప్పినాను. అక్క సంచి పట్టుకుని గడప దగ్గరికి వచ్చి నిలబడింది. వడ్రంగి ఒక్కసారి కూడా అడ్డం రాకుండా విన్నాడు. ఉలి కింద పెట్టి, ఆ చెక్కిన అంచును బొటనవేలితో రుద్దినాడు.

"మా ఇంటిదానికీ ఆడనే ఉండాది సార్, గడ్డ. అది ఏ పొద్దూ మగ్గం మింద కూర్చున్నింది లేదు."