చప్పిడి తిండి, తప్పిన మతి

ఆ ఉదయం హోమ్‌లో ప్రార్థన నన్ను చేయమన్నారు. లేచి మొదలుపెట్టాను. మధ్యలో మాట ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న ముసలివాళ్లంతా బడిపిల్లల్లా కనిపించారు. "వరసలో నిలబడండి, గోల చెయ్యకండి" అని గదమాయించాను. ఎవరో నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు.

నేను పర్చూరులో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక, ఇంట్లో లేవదీసే మనిషి లేక గుంటూరులో ఒక వృద్ధుల హోమ్‌లో చేరాను. మంచి చోటే. దుప్పట్లు శుభ్రంగా ఉండేవి. ఆయా మరియమ్మ తల దువ్వి జడ వేసేది. బీపీ ఎక్కువగా ఉందని హోమ్ డాక్టరు నా మాత్ర మార్చారు. బీపీ ఉన్నవాళ్లందరికీ అక్కడ చప్పిడి తిండి. ఉప్పు లేదు, పచ్చడి లేదు. మిరప పండే నేలలో పుట్టిన నోటికి అది గడ్డి. సగం తిని, మంచినీళ్లతో కడుపు నింపుకునేదాన్ని.

ఆ ప్రార్థన తర్వాత రోజులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కడుపులో తిప్పేది. పొద్దున్నో సాయంత్రమో తెలిసేది కాదు. నా చెయ్యి మంచానికి గుడ్డతో కట్టి ఉన్నట్టు గుర్తు. అది కలో నిజమో తేల్చుకోలేకపోయాను. "డిమెన్షియా మొదలైంది, ఏజ్ కదా" అని డాక్టరు నర్సుతో అనడం విన్నాను. పక్క మంచం ఆవిడ గురించేమో అనుకున్నాను.

పొదిలి నుంచి చెల్లెలు సుగుణ చూడ్డానికి వచ్చింది.

"అక్కా, నేనెవర్ని?"

"హెడ్‌మిస్ట్రెస్ గారు కదండీ" అన్నానట.

సుగుణ నేరుగా నర్సు దగ్గరికి వెళ్లింది. "మొన్నమొన్నటిదాకా ఫోన్లో నా మాటకి తప్పులు దిద్దిన మనిషండీ. ఇంతలో మతి ఎట్టా పోద్ది?"

"వయసమ్మా. తప్పిపోకుండా బయట గడియ పెట్టే గదిలోకి మారుస్తున్నాం" అంది నర్సు.

సుగుణ ఒప్పుకోలేదు. ఆటో పిలిపించి నన్ను ఆస్పత్రికి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "సోడియం, అంటే ఒంట్లో ఉప్పు, బాగా పడిపోయింది. ఇది డిమెన్షియా కాదు. ఏం మాత్రలు వేస్తున్నారు?" అని అడిగారు. కొత్త మాత్ర ఒంట్లో సోడియం తగ్గించే రకమట. చప్పిడి తిండి దానికి తోడైంది. మాత్ర ఆపి, సెలైన్ నెమ్మదిగా ఎక్కించారు. "తొందరపడితే బ్రెయిన్‌కి ప్రమాదం" అన్నారు. తెలివి వస్తూ పోతూ ఉండేది. ఒక సాయంత్రం సుగుణ ముఖం సుగుణలాగే కనిపించింది.

తిరిగి హోమ్‌కే వెళ్లాను. తిండిలో ఉప్పు వెయ్యమన్న డాక్టరమ్మ మాట వంటగదికి చేరలేదు. మళ్లీ చప్పిడే పెట్టారు, మళ్లీ నాలుక తడబడింది. ఈసారి నేనే నర్సుని పిలిచి, "నాకు సోడియం పరీక్ష చేయించండి" అన్నాను. ఆమె ఆ రోజే చేయించింది. నేను కోలుకున్నాక నా పక్కన కూర్చుని, "అప్పుడు మీ చెయ్యి కట్టింది నేనేనండి. పడిపోతారని భయపడ్డాను" అంది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలో వద్దో ఇప్పటికీ తెలియదు. నా ఒళ్లు తుడిచిందీ ఆ చేతులే.

ఇప్పుడూ అక్కడే ఉంటున్నాను. కర్రతో నడుస్తాను, ప్రార్థన చివరిదాకా చేస్తాను. మీ పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, ఈమధ్య ఏ మాత్ర మారిందో, ఏం తింటున్నారో డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించండి. మతి పోయిందనే మాట ఆ తర్వాత ఎత్తవచ్చు.