ఉబ్బు తగ్గిన వాక్యాలు

మా ఆయన ముప్పై నాలుగేళ్లు కాలేజీలో ఇంగ్లిషు చెప్పారు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పాను. తెలిసినవాళ్లలో ఎవరికి సన్మానం జరిగినా పొగడ్తల ప్రసంగం ఆయనే రాసి సభలో చదివేవారు. వాక్యం మొదలైతే నాలుగో పంక్తికి గాని ఆగేది కాదు. నేను ఎర్ర పెన్నుతో కొట్టేసేదాన్ని. ఆయన మళ్లీ రాసుకునేవారు.

కిందటి శ్రావణం రెండో శుక్రవారం, బ్యాంకు పరీక్షకు చదువుతున్న పక్కింటి అమ్మాయి పుస్తకంతో వచ్చింది.

"తాతగారూ, టర్జిడ్ అంటే ఏంటండీ?"

"ఉబ్బిన, అని. వరదొచ్చిన కృష్ణని అనొచ్చు. ఆడంబరంగా రాసిన రాతనీ అనొచ్చు."

"రాత ఎలా ఉబ్బుతుందండీ?"

"మీ తాతగారి ప్రసంగం ఒకటి చదువు, తెలుస్తుంది," అన్నాను వంటింట్లోంచి.

"మీ మామ్మకి కూడికలు, తీసివేతలేనమ్మా. అందులోనూ తీసివేతలే ఎక్కువ," అన్నారాయన. ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది.

కాఫీ తెచ్చి ఇస్తూ ఆయన కాళ్లు చూశాను. ఉగాదికి కొన్నప్పుడు మూడో బెజ్జంలో ఉన్న చెప్పు పట్టీ ఇప్పుడు ఆఖరి బెజ్జంలో ఉంది. అయినా పాదంలోకి దిగబడి ఉంది. కూర్చుని కాలి మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. ఎంతకీ పూడలేదు.

"డాక్టరు దగ్గరికి వెళదాం పదండి."

"ఆదివారం గవర్నర్‌పేటలో సన్మాన సభ ఉందిగా. అది కానీ. కాస్త నీరు దిగింది, అంతే."

ఆయన మాట పట్టుకుని ఊరుకోలేదు, అలాగని లాక్కెళ్లనూ లేదు. మజ్జిగలో ఉప్పు మానేశాను. ఆవకాయ జాడీ పై అరలోకి ఎక్కించాను.

మర్నాడు సాయంత్రం ప్రసంగం నా చేతికిచ్చారు. పెన్ను మూత తీసి చదివాను. "వీరు మంచి గురువు. వేళకు వచ్చేవారు. ఎవరినీ కొట్టలేదు." కొట్టేయడానికి ఒక్క మాట దొరకలేదు.

"ఎంత బాగా రాశారండీ!"

"బాగా ఏముంది? పెద్దవి చదవలేకపోతున్నానే. మధ్యలో ఊపిరి అందట్లేదు."

పెన్ను పక్కన పెట్టి ఆటో పిలిచాను.

"మరి సభ?" అన్నారు ఎక్కుతూ.

"మీరు లేకపోయినా జరుగుతుంది."

గుండె బలహీనపడిందన్నారు ఆస్పత్రిలో. వారం తర్వాత ఇంటికి తెచ్చుకున్నాను. మందులతో కాళ్ల వాపు చాలావరకు తగ్గింది. రోజూ పొద్దున్నే ఆయన పాత ప్రసంగం ఒకటి ఇచ్చి పైకి చదవమంటాను. ఎదురుగా కూర్చుని వింటాను. ఒక్క ఊపిరిలో రెండో పంక్తి దాకా వస్తున్నారు. అక్కడ ఆగిపోతున్నారు.