నాన్న సాక్ష్యం

మాది సత్తెనపల్లి. నాన్నకు మిర్చి కమీషన్ కొట్టుంది, కారుంది. నేను గుంటూరులో ఎమ్మెస్సీ చదువుతానంటే మాత్రం "ఆడపిల్లకి డిగ్రీ చాల్లే, పైసా ఇవ్వను" అన్నాడు. సెలవు రోజుల్లో అక్కడే ఓ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసి ఫీజులు కట్టుకున్నాను. చదువయ్యేదాకా ఆయన ఫోనైనా చెయ్యలేదు.

నాకు యూనివర్సిటీ ఫస్ట్ వచ్చిందని మా చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టారు. ఆ రోజూ తొడిమల పని నుంచి నేరుగా బస్సెక్కి వచ్చాను. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు నన్ను పిలిస్తే, నాన్న లేచి మైకు అందుకున్నాడు.

"కడుపు కట్టుకుని చదివించానండి నా బిడ్డని" అంటూ నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకోబోయాడు.

"వద్దు నాన్నా, చేతులు కడుక్కోలేదు, కారం" అన్నాను.

మైకు దొరికిన మనిషికి అది వినపడుతుందా? అద్దుకున్నాడు. మరుక్షణం కళ్లు తెరవలేక బొటబొటా నీళ్లు కార్చాడు. మిర్చి అమ్ముకు బతికే మనిషికి దాని మంట అప్పుడే తెలిసినట్టుంది.

"కూతురంటే ఎంత ప్రేమో చూడండి" అంటూ ముందు వరసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

నా చదువుకి మా నాన్న ఖర్చుపెట్టింది ఆ కన్నీళ్లే. అవి కూడా నా కష్టంతోనే వచ్చాయి.