పుష్పవతమ్మ మూసి వెళ్లిన ఇల్లు

గరపనేలలో మామిడితోట నిలబెట్టడం పుష్పవతమ్మ సాధించిన మొదటి గెలుపు. జగ్గయ్యపేట నుంచి వేదాద్రి వెళ్లే దారిలో, గునపం దిగని ఆ మెట్టచేలో మొక్క బతకదని ఊరంతా తేల్చేసింది. ఆవిడ రెడ్డిగూడెంలోని పుట్టింటి నుంచి అంట్లు తెచ్చి, ఎండాకాలాలన్నీ కావడితో నీళ్లు మోసి బతికించింది. తొంభై నాలుగులో తొలి కాపు దిగింది. ఆ తరవాత డ్వాక్రా సంఘానికి ప్రెసిడెంటయింది. మండలాఫీసులో కుర్చీ వేయించుకుని మాట్లాడిన మొదటి ఆడమనిషి మా ఊళ్లో ఆవిడే. ఎర్రబస్సును ఊళ్లోకి మళ్లించిందీ ఆవిడే. ఇవి గొప్పలు కావు, జరిగినవి.

అలాంటి మనిషికి సొంత ఇల్లే దక్కకుండా పోయే రోజొచ్చింది.

భర్త రత్తయ్య 2002 శ్రావణ పౌర్ణమి నాడు పోయాడు. పిల్లల్లేరు. భార్య కాపురం ఉన్నంతకాలం ఇల్లు ఆవిడది, వదిలి వెళ్లిపోతే తమ్ముడి పిల్లలది అని వీలునామా రాశాడు. దాన్ని అమలు చేయడానికి ఇద్దరిని పెట్టాడు: ఒకరు పంచాంగం చూసే శేషాద్రి మాస్టారు, రెండోవాడు తమ్ముడి కొడుకు కిషోర్‌బాబు.

రత్తయ్య పోయిన ఘడియ ధనిష్ఠ. ఆ నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలని మాస్టారే చెప్పారు. పెద్దకర్మ కాగానే పుష్పవతమ్మ తాళం వేసి, మంచం, బీరువా బండికెక్కించి, గేదెను తోలుకుని తన తమ్ముడింటికి వెళ్లింది.

కిషోర్‌బాబు దాన్నే పట్టుకున్నాడు. పెద్దమ్మ ఇల్లు వదిలేసిందన్నాడు. మిరప తొలికోత రాగానే తాళం మార్చి, ఇంటిని మిరపకాయ బస్తాలకు గోడౌను చేశాడు.

సంక్రాంతి వెళ్లాక, నందిగామలో తగువులు తీర్చే బుల్లిబాబుగారి వరండాలో అందరూ కూర్చున్నారు. పుష్పవతమ్మ మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. కిషోర్ మాట నెగ్గితే తనిక బతికినన్నాళ్లూ తమ్ముడింట్లో చుట్టపుచూపు మనిషే.

"గేదెతో సహా వెళ్లిపోయావు గదా పెద్దమ్మా! వదిలెయ్యడమంటే ఇంకేంటి?" అన్నాడు కిషోర్‌బాబు.

"తోలుకెళ్లకపోతే పాలు నువ్వు పితికేవాడివా? చిన్నప్పుడు దూడను చూస్తేనే గోడెక్కేవాడివి."

బుల్లిబాబుగారు నవ్వాపుకున్నారు. "సరేగాని అబ్బాయ్, మిరపకాయ టిక్కీలు ఏ గదిలో వేయించావు?"

కిషోర్‌బాబు నసిగాడు. "పంచలోనండి."

"లోపల అంత చోటు పెట్టుకుని పంచలోనా? మంచుకి కాయ పాడవదూ?"

"బస్తాలు మోసే ముఠావాళ్లు గడప దాటం అన్నారండి. ఆరు నెలలు కాలేదుగా అంటారు."

"పోనీ, నువ్వు మోసుకెళ్లకపోయావా?"

"నేనా? ఇంట్లో చంటిపిల్లలున్నారండీ! నేనెందుకు దాటతా?"

పుష్పవతమ్మ గొంతు పెంచకుండా అంది: "అయితే అది నేను వదిలేసిన ఇల్లు కాదురా, మూసిన ఇల్లు. ఆ సంగతి నీకూ తెలుసు."

కిషోర్‌బాబు జేబులోంచి తాళంచెవి తీశాడు. శేషాద్రి మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ముయ్యమన్నది నేనమ్మా. తెరిపించే పూచీ కూడా నాదే. ఆ తాళంచెవి ఇటివ్వు నాయనా" అన్నారు.

తాళంచెవి చేతులు మారింది. ఇల్లు తన జీవితాంతం తనదేనని అక్కడే రాయించుకున్నాక, పుష్పవతమ్మ పైట సర్దుకుని లేచింది.

"దొడ్లో రేకులషెడ్డు ఖాళీగానే ఉందిగా. కోతలయ్యేదాకా టిక్కీలు అందులో పెట్టుకో. పంచ మాత్రం కడిగించి ఇవ్వాలి."

"అట్లాగే పెద్దమ్మా. ఘాటుకి తుమ్ములొస్తే నన్ను తిట్టబోకు."

"నీ మాటల కంటే ఘాటా?"

మాస్టారు అక్కడే పంచాంగం విప్పి, ఆరు నెలలూ నిండాక మంచి రోజు చూశారు. ఆ ఉదయం పుణ్యాహవచనం. పుష్పవతమ్మ తన ఇంటికి తిరిగొచ్చేది 2003 ఫిబ్రవరి 26, బుధవారం.