ఎదురు రమ్మన్న దొరసాని

"ఒక్కసారి బయటికొచ్చి నాకు ఎదురు రామ్మా!" అంది వంటింటి తలుపు అవతల దొరసాని. "బీగం వేసుండాది తల్లీ, ఎట్ల వచ్చేది?" అన్నాను నేను. మా ఆఖరి మాటలు అవే.

బెంగళూరులో నేను వాళ్లింట వంట చేసే ముండమోపిని. విధవ ఎదురొస్తే ప్రయాణం చెడుతుందనడం వట్టి మూఢనమ్మకమని ఆ మిషనరీ దొర, దొరసాని జీవితమంతా ఊరికి చెప్పారు. ముసలివాళ్లయ్యాక ఇంగ్లండు సీమకు తిరిగి రమ్మని పిలుపొచ్చింది. దొరసానికి పోవడం ఇష్టం లేదు. బయలుదేరిన రోజు నేను అనుకోకుండా ఎదురుపడ్డాను; యుద్ధం వల్ల ఓడ లేదని తంతి వచ్చింది. అప్పటినుంచి బండి వచ్చినప్పుడల్లా ఆమె నన్ను చెయ్యి పట్టి వాకిట్లో నిలబెట్టేది. మళ్లీ తంతి వచ్చేది; "అంతా దేవుడి చిత్తం" అంటూ దొర పెట్టెలు దింపించేవాడు. చివరిసారి మాత్రం నన్ను వంటింట్లో ఉంచి బీగం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఈసారి తంతి రాలేదు.

"కోడలా, నేను చెప్పినట్టే, ఆఖరికి ఎదురును నమ్మినోడు దొరే అని రాసినావా? ఏదీ, చదువు."